సున్నా వెయ్యని అప్ప

పోయిన గురువారం పొద్దున్నే మా తెలుగు సంఘం అధ్యక్షులవారు ఫోన్ చేశారు. ఆయనకి బజారులో బట్టల దుకాణం ఉంది. నేను బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, సుభాష్‌పల్లిలో చిన్న గది తీసుకుని దుకాణాలకీ, ట్యూషన్ సెంటర్లకీ వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాను. సంఘం సైటు చూసేది కూడా నేనే. అందులో రైల్వే వర్క్‌షాపులో పనిచేసి కాలం చేసిన మన తెలుగువాళ్ళ పేర్ల పట్టిక ఒకటి ఉంది. ఈ రెండుమూడేళ్ళలో పోయిన ఏడుగురిని అందులో చేర్చాలట.

“అందరి వివరాలూ పంపించానమ్మా. ఒక్కావిడ టోకెన్ నంబరే దొరకలేదు. ఆ గడిలో సున్నా వేసేయ్, పనైపోతుంది,” అన్నారు.

పట్టిక తెరిచి ఆ ఒక్కావిడ పేరు చూశాను. ఒళ్ళు మండిపోయింది. ఖరగ్‌పూర్‌లో ఇంకెవరి పేరు పక్కన సున్నా వేసినా ఊరుకునేదాన్నేమో. ఆవిడ పేరు పక్కనా? చెప్పేది ఈయనా? అదీ నాతోనా?

“ఆవిడకి సున్నా వెయ్యమని మీరే చెబుతున్నారా బాబాయిగారూ?”

ఆయనకీ గుర్తొచ్చినట్టుంది. “నీ ఇష్టం తల్లీ, కనుక్కుని ఏది సరైతే అది వెయ్యి,” అని ఫోన్ పెట్టేశారు. ఆ రోజు ఇంక ఏ పనీ సాగలేదు. రోజంతా ఆవిడ గొంతే చెవిలో.

మేం ఆవిడని అప్ప అనేవాళ్ళం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఇళ్ళలో అక్కని అలాగే పిలుస్తాం. వయసులో మా అమ్మకంటే పెద్దది. కానీ పిన్నీ అంటే పలికేది కాదు, అత్తా అంటే తిరిగి కూడా చూసేది కాదు. బెంగాలీవాళ్ళకి దీదీ. అసలు పేరు ఇక్కడ రాయను. ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది, అది చాలు.

వర్క్‌షాపులో అప్ప ఖలాసీ. అంటే మోయడం, తుడవడం, అందించడం, ఫిట్టర్ ఏది తెమ్మంటే అది తేవడం. ఆదివారం పొద్దున మాత్రం నిమ్‌పురాలో తన క్వార్టర్ ముందుగదిలో మాకు జావాస్క్రిప్ట్ నేర్పేది. వెబ్ పేజీల్ని నడిపించే భాష అది. ఖలాసీ ఏంటి, కంప్యూటర్ భాష ఏంటి అని ముక్కున వేలేసుకున్నవాళ్ళు చాలామంది. ఎలా నేర్చుకున్నావప్పా అంటే ఒక్కోసారి ఒక్కోలా చెప్పేది. “సెక్షన్‌కి కంప్యూటర్లొస్తే దుమ్ము దులపమన్నారు. దులిపినాను. లోపల ఏటుందో కూడా సూసినాను,” అని ఒకసారి. పాత పుస్తకాల బండి దగ్గర అట్ట లేని పుస్తకం దొరికిందని ఇంకోసారి. మరీ గుచ్చి అడిగితే, “ఏటే, నాను నేర్సుకోకూడదా?” అని ఒంటికాలి మీద లేచేది. అందుకని నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీదు.

పొట్టి మనిషి. ఎప్పుడో సుత్తి దెబ్బ తగిలి కుడిచేతి బొటనవేలి గోరు నల్లగా ఉండిపోయింది. కళ్ళజోడుకి ఒక పక్క దారం. ఆదివారం కూడా చీర మీద వర్క్‌షాపు నీలంరంగు కోటు తొడుక్కునే ఉండేది, జేబులో సుద్దముక్కలు పెట్టుకోవడానికి. ఆవిడ అలవాటు ఏంటంటే, చేతికి అందిన వస్తువేదో తీసి మా మొహం ముందు పెట్టి “ఇదేటి?” అనడం. పాన అప్పా అంటే, “పేరు అడగనేదు. ఏ రకం అని అడిగినాను,” అనేది. వర్క్‌షాపులో ఏది ఏ రకమో తెలీకుండా చెయ్యి వేస్తే చెయ్యి పోతుంది, ఇక్కడా అంతే అని ఆవిడ నమ్మకం. అందుకే నెలల తరబడి మాకు ఒక్క పేజీ కూడా చెయ్యనివ్వలేదు. రకాలు, రకాలు, రకాలు. నంబరు, మాట, అవునా-కాదా, ఏమీ లేనిది, అసలు చెప్పనిది. వేరే సెంటర్లలో చేరినవాళ్ళు అప్పటికే రంగురంగుల పేజీలు చేసి చూపించి మమ్మల్ని ఏడిపించేవాళ్ళు.

ఒక ఆదివారం నా చేత అయిదూ అయిదూ కూడించింది. పది వచ్చింది. అవే అంకెలకి అటూ ఇటూ కొటేషన్లు పెట్టి మళ్ళీ కూడమంది. యాభై అయిదు వచ్చింది. మేం పగలబడి నవ్వాం. ఆవిడ నవ్వకుండా యార్డు వైపు కిటికీ తెరిచింది.

“అదిగో, ఆ వేగన్ మీద నంబరుంది. దాని ఎనకాల వేగన్ మీదా నంబరుంది. రెండూ కప్లింగ్ సేస్తే నంబర్లు కూడతాయేటి?”

“కూడవప్పా.”

“మరేటవుద్ది?”

“పక్కపక్కన నిలబడతాయి.”

“అదీ. అది నంబరు కాదు, పేరు. అంకెల్తో రాసుకున్న పేరు. పేరైతే కొటేషన్లలో పెట్టాల. అదే స్ట్రింగు.”

అవునా-కాదా అనే రకం దగ్గరకొచ్చేసరికి ఇంకా కఠినం. “సిగ్నల్లో పసుపుంటాది. ఇక్కడ పసుపు నేదు. ఎర్రా, పచ్చా? సెప్పు. నసగకు,” అనేది. ఆ పాఠం ఇంటి బయటికి కూడా పాకింది. పాలవాడు రేపు వస్తానో రానో అని నీళ్ళు నమిలితే, “ట్రూనా, ఫాల్సా?” అని నిలదీసేది. పాపం ఆ బెంగాలీ ఆయన కొన్నాళ్ళకి గేటు దగ్గర్నుంచే “ట్రూ దీదీ, ట్రూ!” అని అరిచి వెళ్ళిపోయేవాడు. అదే పాఠంలో ఒక హెచ్చరిక కూడా చేసింది. ఈ భాషలో ‘ఉందా?’ అని అడిగితే సున్నా కూడా లేనట్టే లెక్క, ఫాల్స్ కిందే పడుతుంది, జాగ్రత్త అని. నేను నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీశాను.

టోకెన్ సంగతి చెప్పాలి. మా వర్క్‌షాపులో ఒక్క షాపులోనే, అంటే ఒక్క విభాగంలోనే, ఆరుగురు అప్పలరాజులుండేవాళ్ళు. పేరుతో పిలిస్తే ఆరుగురూ తిరిగి చూస్తారు. అందుకని మనిషికి నంబరే పేరు. గేటు దగ్గర పెద్ద బోర్డు, దాని మీద వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. పొద్దున ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళాలి. ఆ నంబరే టిఫిన్ డబ్బా మీద పంచ్‌తో కొట్టించుకునేవాళ్ళు, సైకిలు మడ్‌గార్డు మీద రాయించుకునేవాళ్ళు. కొడుకు పెళ్ళి శుభలేఖలో తన పేరు పక్కన టోకెన్ నంబరు వేయించుకున్న పెద్దమనిషిని నేనెరుగుదును. మా నాన్నది 0417. ఇంట్లో కంచాల మీద కూడా అదే.

అప్ప ఒకరోజు అందర్నీ తండ్రి టోకెన్ నంబరు కొట్టమంది. నేను కొటేషన్లు లేకుండా 0417 కొట్టి ఎంటర్ నొక్కాను. స్క్రీన్ మీద 271 వచ్చింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ 271. నాకు ఏడుపొక్కటే తక్కువ.

“సూసినారా! దీని నాన్న రెండొందల డెబ్బై ఒకటి అయిపోనాడు,” అని అప్ప చప్పట్లు కొట్టింది. “ముందు సున్నా ఉంటే ఇది ఎనిమిదుల లెక్క అనుకుంటాది. దాని లెక్క అది కట్టీసింది. దానికేటి, మీ నాన్న ఎవలో దానికి తెల్దు. నీకు తెల్సు గదా? నువ్వు కొటేషన్ ఎట్టాల.”

ఇంటికెళ్ళి చెబితే మా నాన్న నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. “ఆ నంబరోడు పెయింట్ షాపులో ఉండీవోడే, ఒట్టి బద్దకస్తుడు!” అని రెండు రోజులు గొణిగాడు.

ఇక చివరి రెండు రకాలు. ఏమీ లేనిది నల్, అసలు చెప్పనిది అన్‌డిఫైండ్. రెండూ లేకపోవడమే కదా, తేడా ఏంటని మేం వాదించాం. అప్ప గోడకి రెండు మేకులు కొట్టింది. ఒకదానికి సోడామూత తగిలించింది.

“ఈ కొక్కేనికి బిళ్ళుంది. ఈ కొక్కెం కాళీ. మనిసున్నాడు, బిళ్ళ మాత్రం నేదు అని మనం తెలిసి సెప్తన్నాం. అది నల్.” తర్వాత పక్కనున్న ఉత్త గోడ మీద అరచెయ్యి ఆనించింది. “ఇక్కడేటుంది?”

“ఏమీ లేదప్పా.”

“కొక్కేవే నేదు. ఎవలూ కొట్టనేదు. ఎవలూ అడగనేదు. అది అన్‌డిఫైండు.”

ఆ చెయ్యి గోడ మీద నుంచి చాలాసేపు తియ్యలేదు. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

ఆ భాషలో ఒక పాత తప్పుంది. నల్‌ని చూపించి నువ్వు ఏ రకం అని అడిగితే, అది నల్ అని చెప్పకుండా ఆబ్జెక్ట్ అని, అంటే ఏదో వస్తువునని, చెబుతుంది. పుట్టినప్పుడే వచ్చిన పొరపాటు. ఇప్పుడు సరిదిద్దితే దాని మీద ఆధారపడిన పేజీలన్నీ పాడవుతాయని అలాగే వదిలేశారు. ప్రతి బ్యాచ్‌కీ అప్ప ఆ ముక్క బోర్డు మీద రాసి పక్కన పెద్దక్షరాలతో ‘అబద్ధం’ అని రాసేది. అందరూ ఒప్పుకున్నదే కదప్పా, ఎప్పుడో జరిగింది కదా అని ఎవరో అన్నారు. సుద్దముక్క విరిగేంత గట్టిగా బోర్డు మీద పొడిచింది.

“పాతదైతే ఒప్పయిపోద్దేటి? సరిసెయ్యలేకపోతే సరిసెయ్యలేకపోనాం అని సెప్పు. ఒప్పని మాత్రం సెప్పకు.”

అప్ప టిఫిన్ డబ్బా గురించి చెప్పకపోతే అప్ప గురించి ఏమీ చెప్పనట్టే. సొట్టలు పోయిన అల్యూమినియం డబ్బా. అందులో ఎప్పుడూ ముఢీయే. మరమరాలని మేం బెంగాలీలో అలాగే అంటాం. పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ముక్కలు, కాస్త ఆవనూనె. వర్క్‌షాపు మొత్తం మీద నంబరు కొట్టని డబ్బా అదొక్కటే. అందుకే అది ఎవరి డబ్బాతోనూ మారిపోయేది కాదు. నంబరు కొట్టించుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

“ఇది మాయమ్మది. మాయమ్మకి ఇవ్వనిది నాను దీని మీద కొట్టించుకుంటానేటే?” అంది.

అప్పుడు తెలిసింది. బొగ్గు ఇంజన్ల రోజుల్లో వాళ్ళమ్మ నిమ్‌పురా యార్డులో బొగ్గూ బూడిదా మోసేది. అలాంటి తెలుగు ఆడవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళట. కాంట్రాక్టరు మనుషులు. వాళ్ళకి బోర్డు మీద కొక్కెం లేదు, బిళ్ళ లేదు. గేటు దగ్గర మేస్త్రీ తలలు లెక్కపెట్టి లోపలికి పంపేవాడు. “మా అమ్మ పేరు ఏ కాయితం మీదా నేదే గుంటా. నెత్తి మీద తట్ట ఉన్నంతసేపే లెక్క,” అంది అప్ప. ముఢీ నములుతూనే చెప్పింది, గొంతు ఏమీ మారలేదు.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు సంఘంవాళ్ళు ఆ పేర్ల పట్టిక తలపెట్టారు. పాత తరాలవాళ్ళ పేరు, షాపు, టోకెన్ నంబరు, అన్నీ వెబ్‌సైట్లో పెట్టి వార్షికోత్సవం రోజున తెర మీద చూపించాలని. పేజీ చేసే పని నాకిచ్చారు. అంత పెద్ద పని నాకు అదే మొదలు. అప్ప మూడు నెలలు ప్రతి ఆదివారం ఇల్లిల్లూ తిరిగి వివరాలు తెచ్చింది, నేను ఎక్కించాను. నంబర్లన్నీ కొటేషన్లలో, ముందున్న సున్నాలతో సహా. అన్నిటికంటే కింద ఆవిడ పదకొండుమంది ఆడవాళ్ళ పేర్లు రాసింది. కొందరివి ముద్దుపేర్లే. అన్నిటికీ షాపు అన్నచోట నిమ్‌పురా బొగ్గు యార్డు. మొదటి పేరు వాళ్ళమ్మది.

కమిటీ మీటింగులో ఆ పేర్ల దగ్గర బండి ఆగిపోయింది. అధ్యక్షులవారు చెడ్డమనిషేం కాదు. పద్ధతి మనిషి.

“టోకెన్ లేకపోతే వీళ్ళు ఇక్కడ పనిచేశారని ఎలా చెబుతామమ్మా? రేపు ప్రతివాళ్ళూ వచ్చి మా మామ్మ పేరు కూడా రాయండి అంటారు,” అన్నారాయన.

“అననీండి బాబూ. అంటే రాసుకుందాం. లిస్టు అందుకే గదా?”

“ఎప్పుడో జరిగిపోయినదాన్ని ఇప్పుడు తవ్వుకోవడం దేనికి?”

“పాతదైతే ఒప్పయిపోద్దేటి బాబూ?”

బోర్డు మీద సుద్దముక్క విరిగిన చప్పుడు నాకు మళ్ళీ వినిపించింది. గంటసేపు వాదించాక కమిటీ తలొగ్గింది. పేర్లు ఉంటాయి అన్నారు. అప్ప డబ్బా చంకలో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది.

మర్నాడు అధ్యక్షులవారు నా దగ్గరకొచ్చారు. “పదకొండు గళ్ళు ఖాళీగా ఉంటే బాగోదమ్మా. ముఖ్య అతిథి ఇదేంటని అడిగితే ఏం చెబుతాం? సున్నా వేసేయ్. ఆవిడతో చెప్పక్కర్లేదు.”

వేశాను. భయపడి వేశానని రాసుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది. భయం కాదు, బద్ధకం. గడి ఖాళీగా ఉంటే ఏం చూపించాలో పేజీకి వేరే నేర్పాలి. సున్నా వేస్తే ఏ గొడవా లేదనుకున్నాను.

వార్షికోత్సవం ఆదివారం పొద్దున పదింటికి. హాలు నిండిపోయింది. ముఖ్య అతిథికి దండ వేశారు. కిటికీలకి దుప్పట్లు కట్టి ప్రొజెక్టర్ పెట్టారు. తెర మీద షాపుల వారీగా పేర్లు పైకి జరుగుతున్నాయి. ఫౌండ్రీ, పెయింట్ షాపు, క్యారేజ్ షాపు. తాత పేరు వచ్చినప్పుడల్లా ఏదో మూల నుంచి ఈలలు. మా తాత పేరు రాగానే మా నాన్న లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. అప్ప ముందు వరసలో ఒళ్ళో డబ్బా పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు కోటు లేదు, ఇస్త్రీ చీర.

‘నిమ్‌పురా బొగ్గు యార్డు’ అని శీర్షిక వచ్చింది. దాని కింద ఏమీ రాలేదు. పట్టిక మళ్ళీ మొదటికొచ్చి ఫౌండ్రీ పేర్లు మొదలయ్యాయి.

టోకెన్ ఉంటేనే ఆ వరస చూపించమని పేజీకి రాసింది నేనే. సున్నా ఉన్నా లేనట్టే అని నోట్సులో గీత గీసుకున్నదీ నేనే. పదకొండుమందినీ నా చేతులతో నేనే తుడిచేశాను. హాల్లో సగంమంది గమనించనే లేదు, చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

అప్ప లేచింది. కేకలు వెయ్యలేదు. నడుచుకుంటూ వచ్చి ప్రొజెక్టర్‌కి అడ్డంగా నిలబడింది. తెర మీద పేర్లు పోయి ఆవిడ నీడ పడింది. అంత పొట్టిమనిషి నీడ తెర పైదాకా లేచింది.

“అమ్మా, కాస్త పక్కకి జరగండి, కనిపించడం లేదు,” అన్నారు అధ్యక్షులవారు.

“నాకూ కనిపించట్నేదు బాబూ. మాయమ్మ కనిపించట్నేదు. మాయమ్మ కనిపించీదాకా ఇక్కడ నా నీడే కనిపిస్తాది.”

ఆవిడ నా వైపు తిరిగింది.

“టోకెన్ కాడ ఏటేసినావే?”

“సున్నా అప్పా.”

“అది ఏ రకం?”

నాలుగొందలమంది ఎదుట, తన ముందుగదిలో పాఠంలో అడిగినట్టే అడిగింది. “నంబరు,” అన్నాను.

“మాయమ్మకి నంబరిచ్చినారా?”

“లేదప్పా.”

“మరి నువ్వెవలివే ఇవ్వడానికి?”

ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. “కూకో. సరిసెయ్యి. అందరూ సూస్తారు,” అంది. నీడ మాత్రం తియ్యలేదు. నేను లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అధ్యక్షులవారు వంగి, ముఖ్య అతిథికి రైలు టైమవుతోందని బతిమాలారు. “ఈ ఊరోళ్ళం, రైలు సంగతి మాకు తెల్దేటి బాబూ? లేటే,” అంది. వెనకనుంచి నవ్వులు. ముఖ్య అతిథి కూడా నవ్వేశాడు.

పదకొండు సున్నాలూ తీసేశాను. వాటి స్థానంలో నల్ పెట్టాను. నల్ అయితే వరస దాటెయ్యకుండా పేరు చూపించి పక్కన ‘టోకెన్ లేదు’ అని రాయమని పేజీకి చెప్పాను. అప్ప నా భుజం మీంచి చూస్తోంది.

“లేదు కాదు. లేదంటే మాయమ్మ ఎక్కడో పారేసుకున్నట్టుంటాది. ఇవ్వలేదు అని రాయి.”

“ఎవరు ఇవ్వలేదని అడుగుతారమ్మా,” అన్నారు అధ్యక్షులవారు నీరసంగా.

“అడగాల,” అంది అప్ప.

రాశాను. అప్పుడు పక్కకి జరిగింది. తెర మీద పదకొండు పేర్లు వచ్చాయి, ఒక్కొక్క పేరు పక్కనా ‘టోకెన్ ఇవ్వలేదు’. వెనక వరసల్లో ఒకావిడ లేచి, “మా అత్త! మా అత్తేనండీ!” అని కేకేసింది. అప్ప వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, సభ జరుగుతుండగానే డబ్బా మూత తీసి ముఢీ తినడం మొదలుపెట్టింది. గుప్పెడు తీసి స్టేజీ మెట్ల దగ్గర నిలబడ్డ అధ్యక్షులవారికి చాచింది. “తినండి బాబూ, పొద్దున్నించీ నిలబడే ఉన్నారు.” ఆయన రెండు చేతులతో అందుకున్నారు.

బయటికొచ్చాక సైకిల్ స్టాండ్ దగ్గర నాతో అన్నది ఒక్కటే. “ఇన్నాళ్ళూ మాయమ్మ అన్‌డిఫైండు. ఇయ్యాల నల్ అయింది. ఏమీ ఇవ్వనేదని రాయించుకోడానికి ఇంత యుద్దం సెయ్యాలేటే?” ఆ తర్వాత మూడు ఆదివారాలు నాతో మాట్లాడలేదు. నాలుగో ఆదివారం నా నోట్సు అడిగి తీసుకుని, గీత గీసిన వాక్యం వెతికి, దాని కింద తన సుద్దచేత్తోనే ఇంకో గీత గీసి ఇచ్చేసింది.

రెండేళ్ళ కిందట వానాకాలంలో పోయింది. నాలుగు రోజుల జ్వరం. అప్పటికి రిటైరై సుభాష్‌పల్లిలో నా గదికి రెండు వీధుల అవతలే ఉండేది. నేను ఊళ్ళోనే ఉన్నాను. అయినా చివరి రోజు చూడలేదు. ఏదో స్కూలు సైటు పనిలో ఉండి రేపు వెళ్దాంలే అనుకున్నాను. దానికి నన్ను నేను క్షమించుకునే ఉద్దేశం లేదు.

అధ్యక్షులవారి ఫోన్ వచ్చాక ఆ వరస ముందు చాలాసేపు కూర్చున్నాను. పేరు ఉంది. షాపు ఉంది. టోకెన్? పదిహేనేళ్ళ పరిచయంలో అప్ప మా అందరి నాన్నల నంబర్లూ అడిగింది. నేను ఒక్కసారి కూడా, నీ నంబరెంత అప్పా అని అడగలేదు. ఖలాసీ అన్నాం, దీదీ అన్నాం, పాఠం చెప్పించుకున్నాం. డబ్బా మీద నంబరు కొట్టించుకోలేదు, బిళ్ళేమో రిటైరైన రోజే అప్పజెప్పేసింది. వాళ్ళ మేనల్లుడు ఇచ్చిన పాత కాగితాల కట్టంతా వెతికాను, దొరకలేదు. వాళ్ళమ్మకి నంబరు ఇవ్వకపోవడం వేరే సంగతి. ఈవిడకి నంబరుంది. అడిగినవాళ్ళు లేరు. గోడ మీద ఆనించిన ఆ అరచెయ్యి గుర్తొచ్చింది. ఈ కొక్కెం కొట్టనిది నేనే.

ఆదివారం సైకిలేసుకుని నిమ్‌పురా వెళ్ళాను. అప్ప సెక్షన్‌లోనే పనిచేసి రిటైరైన ఫిట్టర్ ఒకాయన ఇంకా అక్కడే ఉంటున్నాడు. అరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్నాడు. సంగతి చెప్పాను. ఆయన పేపరు మడిచేశాడు.

“నంబరా? బోర్డు మీద నా కింద కొక్కేవే తనది. పొద్దున్నే నిద్రమొకంతో నాది తియ్యబోయి తనది తీసీవోణ్ణి. అబ్బో, ఏం తిట్టీదనుకున్నావు! నాది సున్నా రెండు ఆరు రెండు. తనది సున్నా రెండు ఆరు మూడు.”

“ముందు సున్నా ఉందా బాబూ? కచ్చితమేనా?”

“ఉంది. సున్నా ఒగ్గీకమ్మా. ఒగ్గీస్తే అది ఇంకెవలిదో అయిపోద్ది.”

అక్కడే అరుగు మీద కూర్చుని ఏడ్చేశాను. ఆయన కంగారుపడి ఇంట్లోకి కేకేసి టీ తెప్పించాడు.

సోమవారం అధ్యక్షులవారు స్వయంగా నా గదికి వచ్చారు. మెట్లెక్కి ఆయాసపడుతూ నా వెనక నిలబడి స్క్రీన్ వైపు వంగి చూశారు. అప్పుడే ఆ గడి నింపాను. ఆ ఇంటి పేరుతో వెతికితే ఇప్పుడు తల్లీ కూతురూ ఒకరి కింద ఒకరు వస్తారు. తల్లికి ‘టోకెన్ ఇవ్వలేదు’. కూతురికి "0263".

“దొరికిందన్నమాట,” అన్నారాయన. తర్వాత కళ్ళజోడు సవరించుకున్నారు. “అవునుగానీ అమ్మా, అటూ ఇటూ ఆ కొటేషన్లు దేనికి? అంకెలేగా?”

“అంకెలు కాదు బాబాయిగారూ,” అన్నాను. “అది మా అప్ప పేరు.”